సంఘం మీద సంఘం: పెత్తనం ఎక్కడుండాలి?

(ఎల్దుర్తిలో బొమ్మగాని ధర్మభిక్షం స్మృతిలో చేసిన ప్రసంగ పాఠం)

 

ధర్మభిక్షం గారు సూర్యాపేట మనిషి. 1922లో పుట్టారు, 2011 మార్చి 26న పోయారు. నిజాం కాలంలో పేద పిల్లల కోసం విద్యార్థి వసతిగృహం నడిపారు. సాయుధ పోరాటంలో ఉన్నారు, జైళ్లు చూశారు. 1952లో సూర్యాపేట నుంచి, 1957లో నకిరేకల్ నుంచి, 1962లో నల్లగొండ నుంచి శాసనసభకు గెలిచారు. 1991లో, 1996లో నల్లగొండ ఎంపీ అయ్యారు. ఆ 1996 ఎన్నిక దేశమంతా ఎరిగినదే. ఫ్లోరైడ్ నీళ్లతో నడుములు వంగిన జనం తమ గోస దేశానికి తెలియాలని మూకుమ్మడిగా నామినేషన్లు వేస్తే అభ్యర్థుల సంఖ్య 480కి చేరింది, బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయింది. గెలిచింది ధర్మభిక్షం గారు. అయితే చట్టసభల్లో ఆయన చేసినదాని కన్నా తాటివనాల్లో చేసిన పని గురించే నేను మాట్లాడతాను. మెదక్ జిల్లాలో, ఎల్దుర్తి లాంటి ఊళ్లో, నల్లగొండ నాయకుణ్ని ఎందుకు తలచుకోవాలో ఆ పనే చెబుతుంది.

ఆబ్కారీ కాలంలో కల్లు దుకాణాలు వేలం పాటలో పోయేవి. పాట పాడేది ముస్తాజరు. మోకు, ముత్తాదు కట్టుకొని చెట్టెక్కేది గౌడన్న. చెట్టు ఎక్కేవాడికి కూలి దక్కేది, ఎక్కనివాడికి లాభం పోయేది. పడి నడుం విరిగితే ముస్తాజరుకు సంబంధం లేదు. గీసేవాడికే చెట్టు దక్కాలి, దుకాణం గీత కార్మికుల సంఘానికే రావాలి అన్నది ధర్మభిక్షం గారి పోరాటం. కల్లు గీత కార్మిక సంఘం ఆ పోరాటం మీదనే నిలబడింది. టీసీఎస్ అని మనం పిలుచుకునే గీత సహకార సంఘాలు దాని ఫలం. సభ్యత్వం కావాలంటే అధికారుల ముందు చెట్టెక్కి చూపించాలన్న నిబంధనను కొందరు అవమానంగా భావిస్తారు. నేను అట్లా అనుకోను. ఈ సంఘానికి యజమాని ఎవరో ఆ పరీక్షే తేలుస్తుంది. డబ్బు పెట్టినవాడు కాదు, కులంలో పుట్టినవాడూ కాదు, పని చేసేవాడు. కార్మికుల సహకార సంఘం అంటే ఇంతకు మించిన నిర్వచనం నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

కాని ఒక్క ఊరి సంఘం ఎంత గట్టిదైనా ఒంటరిది. ముప్పై మంది సభ్యులున్న సంఘంలో ఒక ఏడాది ఇద్దరు చెట్టు మీద నుంచి పడితే ఆ ఇళ్లను ఆదుకునే శక్తి దానికి ఉండదు. నీరా తీసి నిల్వ చేసి పట్నంలో అమ్మాలంటే శీతల యంత్రాలు కావాలి, అవి ఒక్క సంఘం కొనలేదు. కేసు పడితే వకీలు కావాలి, లెక్కలు రాయడానికి చదువుకున్నవాడు కావాలి. అందుకే సంఘాలు కలిసి పై సంఘం పెట్టుకోవాలి. దానికి సమాఖ్య అనండి, యూనియన్ అనండి. మన దేశంలో సంఘాల మీద సంఘం పెట్టుకోవడానికి 1912 నాటి సహకార చట్టమే దారి ఇచ్చింది. అంటే వందేళ్లు దాటింది. ఈ వందేళ్లలో మన దగ్గర పై సంఘాలు చాలా పుట్టాయి. వాటిలో చాలా భాగం కింది సంఘాలను మింగాయి. ఎందుకు మింగాయో, మింగకుండా ఉన్నవి ఎట్లా ఉన్నాయో చెప్పడానికే ఈ ప్రసంగం.

నా మాట ముందే చెప్పేస్తాను. పై సంఘానికి మనం అప్పజెప్పవలసింది పని, అధికారం కాదు. ఏ పని అప్పజెప్పామో రాసి ఉండాలి, దానికి ఖర్చు మన దగ్గర నుంచే పోవాలి, పని సరిగా చేయకపోతే తిరిగి తీసుకునే హక్కు మనకు ఉండాలి. ఈ మూడింట్లో ఒక్కటి పోయినా మిగతావి ఎక్కువ రోజులు నిలవవు.

చేనేతను చూడండి. ఉమ్మడి మెదక్ జిల్లాలో దుబ్బాక, సిద్దిపేట చేనేత సంఘాలు తెలియనివారు ఉండరు. సిద్దిపేట గొల్లభామ చీరకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఈ సంఘాలన్నిటికీ పైన 1976లో ఆప్కో వచ్చింది, రాష్ట్రం విడిపోయాక టెస్కో వచ్చింది. కాగితం మీద చూస్తే ఎంతో చక్కని ఏర్పాటు. ఊరి నేతగాళ్లు తమ సంఘానికి పాలకవర్గాన్ని ఎన్నుకుంటారు, సంఘాలన్నీ కలిసి పై సంఘానికి పాలకవర్గాన్ని ఎన్నుకుంటాయి, నూలు కొనడం, బట్ట అమ్మడం పై సంఘం చూసుకుంటుంది. నడిచిన తీరు వేరు. నూలు పై నుంచి రావాలి, సర్కారు బడి పిల్లల యూనిఫారం ఆర్డరు పై నుంచి రావాలి, నేసి ఇచ్చిన బట్టకు పైసలు కూడా పై నుంచే రావాలి. అన్నీ పై నుంచే వచ్చేచోట కింద ఎన్నుకున్న అధ్యక్షుడు చేసే పని ఏముంటుంది? బకాయిల కోసం హైదరాబాదు ఆఫీసు చుట్టూ తిరగడం. పై సంఘానికి యజమాని కావలసినవాడు అక్కడ అర్జీదారుగా నిలబడ్డాడు. నేత కార్మికుల్లో తెలివి లేక ఇట్లా కాలేదు. పైసా ఎటు నుంచి ఎటు పోతుందో దాన్ని బట్టి పెత్తనం కూడా అటే పోయింది.

దీనికి చట్టం కూడా తోడయింది. 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సహకార సంఘాల చట్టం కింద సర్కారు సంఘాల్లో వాటాధనం పెట్టవచ్చు, పాలకవర్గంలో తన మనుషులను కూర్చోబెట్టవచ్చు, రిజిస్ట్రారు పాలకవర్గాన్ని రద్దు చేయవచ్చు. ఎన్నికలు జరగనప్పుడు సర్కారు నియమించిన పర్సన్ ఇన్‌చార్జి వస్తాడు. పర్సన్ ఇన్‌చార్జి అన్న మాట మన పల్లెల్లో ఎంత మామూలైపోయిందంటే, అది తాత్కాలిక ఏర్పాటని అందరూ మరిచిపోయారు. ప్యాక్స్ అని పిలిచే మీ ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘం సంగతే చూడండి. 2020 ఫిబ్రవరిలో ఎన్నికలు జరిగాయి. అయిదేళ్లు నిండి 2025 ఫిబ్రవరి వచ్చేసరికి ఎన్నికలకు బదులు గడువు పొడిగింపు ఉత్తర్వు వచ్చింది. కూర్చున్నవారు మంచివారే కావచ్చు. కాని సభ్యుడి ఓటుతో వచ్చినవాడు ఉత్తర్వుతో కొనసాగితే, ఆ రోజు నుంచి ఆయన చూపు ఉత్తర్వు ఇచ్చినవారి వైపే ఉంటుంది.

ఇదే తెలంగాణ నేల మీద వేరే దారి కూడా ఉంది. 1956లో ముల్కనూరులో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి గారు చుట్టుపక్కల ఊళ్ల రైతులను కూడగట్టి సహకార గ్రామీణ బ్యాంకు, మార్కెటింగ్ సంఘం పెట్టారు. అప్పు ఇచ్చేదీ, విత్తనం ఇచ్చేదీ, పంట కొనేదీ ఒక్క సంఘమే. అది నేటికీ నడుస్తున్నది. అదే ముల్కనూరులో 2000 సంవత్సరంలో మహిళల పాల సహకార యూనియన్ మొదలైంది. స్వకృషి పాలు అంటే మీకు తెలుస్తుంది. అక్కడ ఊరూరా మహిళల పాల సంఘం ఉంటుంది. ఆ సంఘం తానుగా రిజిస్టరై, తన లెక్కలు తానే రాసుకొని, తన అధ్యక్షురాలిని తానే ఎన్నుకుంటుంది. ఆ అధ్యక్షురాళ్లందరూ కూర్చుంటే యూనియన్ మహాసభ. డెయిరీ యంత్రాలు నడిపే ఇంజనీర్లు, మేనేజర్లు ఆ మహాసభకు జీతగాళ్లు. రైతు సంఘం, పాల సంఘం కచ్చితంగా కార్మిక సంఘాలు కావని పండితులు అంటారు, నిజమే. కాని సంఘాల గుంపును ఎట్లా నడపాలో నేర్చుకోవడానికి ముల్కనూరు కన్నా దగ్గరి బడి మనకు లేదు. ఎల్దుర్తి నుంచి ఒక్క రోజులో పోయి రావచ్చు.

ముల్కనూరు మహిళలకు దారి చూపిన చట్టం 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం. మ్యాక్స్ చట్టం అంటాం. దేశంలో అట్లాంటి చట్టం చేసిన మొదటి రాష్ట్రం మనది, ఈ సంగతి మనమే గర్వంగా చెప్పుకోం. సర్కారు వాటాధనం లేదు, నామినేటెడ్ డైరెక్టరు లేడు, బైలా సభ్యులే రాసుకుంటారు, ఎన్నిక సంఘమే జరుపుకుంటుంది. సహకార సంఘాలను ప్రోత్సహించే సహవికాస సంస్థలోని పెద్దలు ఏళ్ల తరబడి ఊళ్లు తిరిగి, అధికారులతో వాదించి దీన్ని సాధించారు. ఈ చట్టంలో నాకు బాగా నచ్చిన అంశం స్వేచ్ఛ కాదు, శిక్ష. గడువులోపల ఎన్నిక జరపకపోతే డైరెక్టర్ల పదవి దానంతటదే పోతుంది. ఎవరూ ఫిర్యాదు చేయనక్కర లేదు, మంత్రి సంతకం అక్కర లేదు. ఇంకొకటి, నష్టం వస్తే దాన్ని ఎట్లా పూడ్చాలో మహాసభ కూర్చొని తేల్చుకోవాలి. లాభం పంచుకునేవాళ్లే నష్టమూ మోయాలి. లాభం మనది, నష్టం సర్కారుది అన్న అలవాటు ఉన్నంతకాలం పర్సన్ ఇన్‌చార్జి మన తలుపు తడుతూనే ఉంటాడు.

ఆ చట్టం మీద దాడి కూడా జరిగింది. 2006లో సవరణ తెచ్చి, మ్యాక్స్ కింద ఉన్న పాల డెయిరీలను తిరిగి 1964 చట్టం కిందికి తోసేశారు. డెయిరీ సంఘాలు హైకోర్టుకు వెళ్లాయి, గెలిచాయి. సర్కారు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2011 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా సంఘాల పక్షానే తీర్పు చెప్పింది. తాము ఇష్టపడి చేరిన సంఘం స్వరూపాన్ని సభ్యుల ఇష్టం లేకుండా మార్చడం రాజ్యాంగం ఇచ్చిన సంఘ స్వేచ్ఛను దెబ్బతీయడమే అని ఆ తీర్పు సారాంశం. ఈ తీర్పును ప్రతి సంఘం కార్యాలయంలో గోడకు తగిలించుకోవాలని నా కోరిక.

ఇక్కడ ఒక చేదు నిజం కూడా చెప్పాలి. ఇదే మ్యాక్స్ చట్టం కింద రిజిస్టరై, జనం దగ్గర డిపాజిట్లు వసూలు చేసి మునిగిపోయిన సంస్థలు కూడా ఉన్నాయి. రిజిస్ట్రారు కాపలా తీసేస్తే సభ్యుడు కాపలా కాయాలి. సభ్యుడు నిద్రపోతే చట్టం ఎంత మంచిదైనా ఏమీ చేయలేదు.

మహిళా సమాఖ్య అక్కలు ఇక్కడ ఉన్నారు. మీ చిన్న సంఘాలు కలిసి గ్రామ సంఘం, గ్రామ సంఘాలు కలిసి మండల సమాఖ్య, అవి కలిసి జిల్లా సమాఖ్య. మూడు మెట్ల సంఘం ఎట్లా ఉంటుందో పుస్తకం చదవకుండానే మీకు తెలుసు. ఇంత పెద్ద అల్లిక దేశంలో ఎక్కడో గాని లేదు. అక్కలు తెచ్చిన అప్పు తిరిగి కట్టడంలో బ్యాంకులే మెచ్చుకుంటాయి. అయినా ఒక మాట అడుగుతాను, తప్పు పట్టకండి. సర్కారు తరఫు సీసీ రాకుండా మీ సమావేశం ఎప్పుడైనా జరిగిందా? ఎజెండా మండల అధికారి ఏపీఎం ఆఫీసు నుంచి రాకుండా, మీరే రాసుకున్న రోజు ఉందా? ఉంటే ఆ ఊరి సంఘం పేరు నాకు చెప్పండి, నేను వచ్చి నేర్చుకుంటాను. లేకపోతే, ఇంత కష్టపడి కట్టిన సమాఖ్యకు సొంతదారులు మీరే అన్న సంగతి ఇంకా కాగితం మీదే ఉన్నట్టు.

ఇప్పుడు బీడీ తల్లుల వైపు వస్తాను. ఈ జిల్లాలో తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, దారం చుట్టే చేతులు ఎన్ని వేలున్నాయో మీకు తెలుసు. మీకు పింఛను వచ్చింది, అది పోరాడి తెచ్చుకున్నదే. కాని కంపెనీ మీది కాదు. ఆకు తక్కువ తూచినా, చాటలోని బీడీలు ఏరి పక్కన పడేసినా అడిగే అధికారం మీకు లేదు. కేరళలో కన్నూరు జిల్లా బీడీ కార్మికులు ఏం చేశారో వినండి. 1966లో పార్లమెంటు బీడీ, సిగార్ కార్మికుల చట్టం చేసింది. దాన్ని కేరళ అమలు చేయబోతే, మంగళూరు వైపు పెద్ద బీడీ యజమానులు చట్ట ప్రకారం నడపలేమని కార్ఖానాలు మూసేశారు. వేల కుటుంబాలు ఒక్కసారిగా రోడ్డున పడ్డాయి. 1969లో సర్కారు తోడ్పాటుతో ఆ కార్మికులే కేరళ దినేశ్ బీడీ పెట్టుకున్నారు.

దాని పాలన గమనించదగినది. ఊళ్లలో ప్రాథమిక సంఘాలు, వాటి పైన ఒక కేంద్ర సంఘం. తంబాకు, ఆకు కేంద్ర సంఘం టోకున కొంటుంది, కింది సంఘాలకు పంచుతుంది. బీడీ చుట్టేది కింది సంఘం. అమ్మకం, లేబులు, నాణ్యత పరీక్ష మళ్లీ కేంద్ర సంఘానివి. అంటే కలిసి చేస్తే లాభం వచ్చే పని పైకి వెళ్లింది, మనిషి చేత్తో చేసే పని, ఆ మనిషి మీద అజమాయిషీ కింద ఉండిపోయాయి. కింది సంఘం పాలకవర్గాన్ని అక్కడ చుట్టేవాళ్లే ఎన్నుకున్నారు. వేతనం, పీఎఫ్, గ్రాట్యుటీ, సెలవు జీతం, చట్టంలో ఏముందో అన్నీ ఇచ్చారు. ప్రైవేటు యజమానులు సాధ్యం కాదన్నది సాధ్యమైంది. మంచి రోజుల్లో నలభై వేల మంది దాకా దాని కింద పని చేశారు. అక్కడి బీడీ కార్ఖానాల్లో ఇంకో మంచి అలవాటు ఉండేది. ఒకరు పత్రిక గట్టిగా చదువుతుంటే మిగతావాళ్లు చుడుతూ వినేవాళ్లు, చదివేవాడి వంతు బీడీలు మిగతావాళ్లు చుట్టిపెట్టేవాళ్లు. ప్రపంచం సంగతులు రోజూ విని వాదించుకునే మనుషులకు సంఘం లెక్కలు అడగడం కొత్త కాదు. ధర్మభిక్షం గారు వసతిగృహం ఎందుకు నడిపారో నాకు ఇక్కడ అర్థమవుతుంది.

దినేశ్ బీడీ నా వాదనకు ఒక చిక్కు తెస్తుంది. అక్కడ ప్రభుత్వం డబ్బు ఇచ్చింది, తోడ్పడింది. అయినా సంఘాలు ఎందుకు చచ్చిపోలేదు? నాకు తోచిన జవాబు ఇది: ఆ కార్మికులు సహకార సంఘంలో చేరకముందే గట్టి కార్మిక సంఘంలో ఉన్నారు. ప్రశ్నించడం వాళ్లకు ముందే వచ్చు. కాబట్టి సర్కారు పైసా ఒక్కటే విషం కాదు. కింద కూడబలుక్కునే బలం లేనిచోట ఎవరి పైసా అయినా విషమే. బీడీ తాగేవాళ్లు తగ్గినప్పుడు దినేశ్ కూడా కుంగింది. ఆహార పదార్థాలు, గొడుగులు, బట్టలు తయారు చేసి నిలబడాలని చూసింది. సరుకుకు కాలం చెల్లితే పాలన ఎంత బాగున్నా కాపాడలేదన్నదీ గుర్తుంచుకోవాలి. మన కల్లుకూ ఇది వర్తిస్తుంది.

కేరళలోనే ఊరాలుంగల్ కూలీల సంఘం ఉంది. 1925లో పుట్టింది. రోడ్లు, వంతెనలు కడుతుంది, పెద్ద పెద్ద కంపెనీలతో పోటీ పడి పనులు తెచ్చుకుంటుంది. మన దగ్గర లేబర్ కాంట్రాక్ట్ సంఘాలు చాలాచోట్ల కాంట్రాక్టరు ముసుగులుగా మిగిలాయంటే, అక్కడ సంఘం నూరేళ్లుగా పనిచేసే మనుషుల చేతిలోనే ఉంది.

కార్మిక సంఘాల గుంపు గురించి మాట్లాడితే మోండ్రగాన్ పేరు రాక తప్పదు. స్పెయిన్ దేశంలో బాస్క్ ప్రాంతంలోని చిన్న ఊరు. 1941లో అరిజ్మెండియారియెటా అనే పాదిరి అక్కడికి వచ్చాడు, 1943లో పిల్లలకు చేతిపనుల బడి పెట్టాడు. ఆ బడిలో చదివిన అయిదుగురు 1956లో ఉల్గోర్ అనే కార్ఖానా మొదలుపెట్టారు. మన ముల్కనూరు పుట్టిన సంవత్సరమే. 1959లో సొంత బ్యాంకు పెట్టుకున్నారు. సహకార సభ్యులు యజమానులే గాని కార్మికులు కారు అని అక్కడి ప్రభుత్వం సామాజిక భద్రత పథకం నుంచి వాళ్లను తీసేస్తే, లగున్ అరో అని తమ వైద్యం, పింఛను తామే చూసుకునే ఏర్పాటు చేసుకున్నారు. చెట్టు మీద నుంచి పడ్డ గౌడన్న కార్మికుడా కాదా అని కాగితాలు తిరగేసే ఆఫీసులు ఎరిగిన మనకు ఆ బాధ కొత్త కాదు.

ఈరోజు అక్కడ దాదాపు ఎనభై సంఘాలు, డెబ్బై వేల మంది దాకా పనివాళ్లు. ప్రతి సంఘంలో మహాసభ ఉంటుంది, మనిషికి ఒక్క ఓటు. మహాసభ పాలకమండలిని ఎన్నుకుంటుంది, పాలకమండలి మేనేజరును నియమిస్తుంది. మేనేజరు పాలకమండలి సమావేశంలో మాట్లాడవచ్చు, ఓటు వేయడానికి లేదు. వీటికి తోడు సామాజిక మండలి అని మరొకటి ఉంటుంది. యజమానిగా నేను ఎన్నుకున్న పాలకమండలే నా పనిగంటలు పెంచితే, పనివాడిగా నా గోడు వినేదెవరు? అందుకు ఆ మండలి. 1974లో ఉల్గోర్‌లో సమ్మె జరిగింది. నాయకులను సంఘం నుంచి బహిష్కరించారు, కొన్నేళ్ల తర్వాత మళ్లీ చేర్చుకున్నారు. సహకార సంఘంలో సమ్మె ఏమిటని అప్పుడు చాలామంది ఆశ్చర్యపోయారు. నాకు ఆశ్చర్యం లేదు. ఓటు ఉన్నంత మాత్రాన పెత్తనం మాయమైపోదు, దాన్ని అడిగే వేదిక వేరుగా ఉండాలి.

సంఘాలన్నిటి మీద ఒక కాంగ్రెస్ ఉంది, ఆరువందల యాభై మంది ప్రతినిధులు. అది ఉమ్మడి నియమాలు చేస్తుంది. లాభం వచ్చిన సంఘాలు తమ లాభంలో కొంత ఉమ్మడి నిధికి ఇస్తాయి, నష్టంలో ఉన్న సంఘానికి అందులోంచి సాయం పోతుంది. పెద్ద జీతానికీ చిన్న జీతానికీ మధ్య తేడాకు హద్దు ఉంది. మొదట మూడింతలు, తర్వాత పెరిగి కొన్నిచోట్ల ఆరింతల దాకా వచ్చింది. 2013లో ఫాగోర్ గృహోపకరణాల సంఘం దివాలా తీసింది. ఉమ్మడి నిధుల నుంచి చాలా డబ్బు పెట్టాక, ఇక పెట్టలేమని మిగతా సంఘాలు తేల్చాయి. పని పోయిన సభ్యుల్లో చాలామందికి పక్క సంఘాల్లో పని చూపారు. కాని కొందరి పొదుపు పోయింది, ఆ గాయం ఉంది. విదేశాల్లో పెట్టిన కార్ఖానాల కార్మికులకు సభ్యత్వం ఇవ్వలేదన్న విమర్శ కూడా న్యాయమైనదే.

మోండ్రగాన్ గురించి రాసేవాళ్లు దాని పెద్దరికం చెబుతారు. నేను మాత్రం 2022 డిసెంబరు గురించి చెబుతాను. ఆ నెల ఓరోనా, ఉల్మా అనే రెండు పెద్ద సంఘాలు తమ తమ మహాసభల్లో ఓటు వేసి ఆ గుంపులోంచి బయటికి వెళ్లిపోయాయి. అంతకుముందు 2008లో ఇరిసార్, ఆంపో కూడా వెళ్లాయి. మిగిలినవారికి బాధ కలిగింది, డబ్బు నష్టం కూడా కలిగింది. కాని ఎవరూ వాళ్లను ఆపలేదు, ఆపే అధికారం పైన ఎవరికీ లేదు. ఓటు వేసి చేరారు, ఓటు వేసి వెళ్లారు. బలం ఉన్నవాళ్లు బలం లేనివాళ్లను వదిలి పోవడం నాకు నచ్చదు. అయినా ఆ హక్కు ఉండాలనే అంటాను. వెళ్లిపోగలిగిన సంఘం ఉన్నచోట పై సంఘం ప్రతి ఏడూ తన ఉపయోగం నిరూపించుకోవాలి. మన చేనేత సంఘం ఆప్కోను వదిలి ఎక్కడికి పోగలిగింది?

ఇక మన ఇంటి సంగతి. గీత సంఘాలకు రాష్ట్రస్థాయిలో కల్లు గీత పారిశ్రామిక సహకార ఆర్థిక సంస్థ ఉంది. అది సర్కారు పెట్టిన సంస్థ. చెట్టెక్కేవారి కోసం 2024లో వచ్చిన కాటమయ్య రక్షణ కవచం మంచిదే, ప్రాణాలు కాపాడుతుంది, అందరూ తీసుకోవాలి. కాని ఇవన్నీ పై నుంచి కిందికి వచ్చేవి. కింది నుంచి పైకి కట్టుకున్న గీత సంఘాల సమాఖ్య మన దగ్గర ఏది?

దానికన్నా ముందు మన సంఘాల్లోనే ఒక రోగం ఉంది, దాచడం తగదు. లైసెన్సు సంఘం పేరు మీద ఉంటుంది, దుకాణం నడిపేది ఇంకొకడు. సంఘం ఏడాదికింత అని తీసుకొని పక్కకు జరుగుతుంది. చెట్లు చాలకపోయినా దుకాణంలో కల్లు మాత్రం తరగదు. ఆ తరగని కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్ ఉంటాయి, దాన్ని తాగిన మన అన్నదమ్ములు ఆస్పత్రుల పాలవుతారు, కొందరు తిరిగి రారు. ముస్తాజరును వెళ్లగొట్టడానికి ధర్మభిక్షం గారి తరం జైళ్లకు పోయింది. మనం సంఘం ముద్రతో అతణ్ని మళ్లీ తెచ్చి కూర్చోబెట్టుకున్నాం. ఇట్లాంటి సంఘాలు పది కలిసినా సమాఖ్య కాదు, పది మంది కొత్త ముస్తాజర్ల కూటమి అవుతుంది. కాబట్టి మొదటి షరతు ఇది: గీసేవాడే సభ్యుడు, సభ్యుడే అమ్మకందారు. చెట్టెక్కడం మానేసినవాడికి గౌరవం, పింఛను, సలహా చెప్పే చోటు ఉండాలి. ఓటు మాత్రం పనిచేసేవాడిది.

ఆ షరతు నెరవేరిన సంఘాలు అయిదో ఆరో దొరికినా చాలు, మండలం స్థాయిలో మొదలుపెట్టవచ్చు. ఒక్క పనితో మొదలుపెట్టమంటాను, అది ప్రమాద నిధి. కల్లు అమ్మిన డబ్బులోంచి ప్రతి సంఘం నెలనెలా ఇంత అని వేయాలి. ఎవరు పడ్డా ఆస్పత్రి ఖర్చుకు మొదటి రోజే డబ్బు అందాలి. సర్కారు సాయం వచ్చేదాకా ఆగనక్కర లేదు. ఈ నిధి రెండు మూడేళ్లు నమ్మకంగా నడిస్తే అప్పుడు నీరా గురించి, తాటి బెల్లం గురించి, ఈత మొక్కలు నాటడం గురించి ఆలోచించవచ్చు. తొందరపడి భవనం కట్టకండి. మన దగ్గర చాలా సమాఖ్యలు భవనంతో మొదలై బోర్డుతో ఆగిపోయాయి.

ఓట్ల లెక్క ముందే తేల్చుకోవాలి. ఇరవై మంది ఉన్న సంఘానికీ నూట యాభై మంది ఉన్న సంఘానికీ పైన ఒక్కటే ఓటా? ఒక్కటే అయితే పెద్ద సంఘం అలుగుతుంది. తలల లెక్క అయితే చిన్న సంఘం మాట వినేవారుండరు. నా మట్టుకు నాకు, డబ్బు సంగతుల్లో తలల లెక్క, నియమాలు మార్చే సంగతుల్లో సంఘానికి ఒక్క ఓటు న్యాయమనిపిస్తుంది. మీకు వేరే తోస్తే అట్లాగే రాసుకోండి, కాని మొదటి పైసా జమ కాకముందే బైలాలో రాసుకోండి. పైకి పంపిన ప్రతినిధి ఊరికి తిరిగి వచ్చి, అక్కడ ఏం మాట్లాడాడో, దేనికి చెయ్యెత్తాడో సంఘం ముందు చెప్పాలి. సంఘం కాదంటే అతణ్ని మధ్యలోనే దింపి ఇంకొకరిని పంపే వీలు ఉండాలి. ఒకే మనిషి ఏళ్ల తరబడి అదే కుర్చీలో ఉండకుండా, డైరెక్టర్లలో కొందరు ఏటా దిగిపోయి కొత్తవాళ్లు వచ్చే పద్ధతి సహవికాస ప్రోత్సహించిన సంఘాల్లో ఉంది. అది మనం తీసుకోవచ్చు. లెక్కలు రాసేవాడికి మంచి జీతం ఇవ్వండి. ఊరికే చేసే లెక్కల మనిషి ఏదో ఒకరోజు ఆ లెక్కలకే యజమాని అవుతాడు.

గీత సంఘాలతోనే ఎందుకు ఆగాలి అని మత్స్య సంఘం అన్నలు అడగవచ్చు. ఆగనక్కర లేదు. చెరువు మీద బతికేవాళ్లు, చెట్టు మీద బతికేవాళ్లు, బీడీ ఆకు మీద బతికేవాళ్లు ఒకే ఊళ్లో ఒకే వీధిలో ఉన్నారు. మోండ్రగాన్‌లో బ్యాంకు, బడి, కార్ఖానా ఒకే గుంపు కాగలిగినప్పుడు, ఎల్దుర్తిలో ప్రమాద నిధికి గౌడన్న, ముదిరాజన్న, బీడీ అక్క ఒకచోట కూర్చోలేరా? కులం పేరుతో విడివిడిగా ఉన్న సంఘాలను ఒక పని కోసం కలపడం, సమాఖ్య చేయగలిగిన పనుల్లో అన్నిటికన్నా గొప్పదని నేను నమ్ముతాను. ధర్మభిక్షం గారు ఈ మాట వింటే కాదనరు.

సభ అయిపోయాక మీరందరూ ఒక పని చేయాలని కోరుతున్నాను. మీ మీ సంఘాల బైలా కాగితం ఎక్కడుందో వెతకండి. అధ్యక్షుడి ఇంట్లో ఉంటే అడిగి తెచ్చుకోండి, ఆఫీసులో ఉంటే నకలు తీసుకోండి. చదువు వచ్చినవారు రానివారికి చదివి వినిపించండి. చివరి ఎన్నిక ఎప్పుడు జరిగింది, చివరి ఆడిట్ ఎప్పుడు జరిగింది, సభ్యుల జాబితాలో ఉన్నవారిలో పని చేసేవారెందరు అన్నది మీరే లెక్క తీయండి. ఆ మూడు జవాబులతో వచ్చే మహాసభకు రండి. ప్రమాద నిధి తీర్మానం అక్కడ మీరే పెట్టండి.